కొత్త హార్వెస్టర్‌లో కొత్తదేంటి, కంపెనీల ఇంజినీర్లు ఎటు పోతున్నారు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? సరే. నాకిచ్చిన టాపిక్ ఏంటంటే కంబైన్ హార్వెస్టర్లలో కొత్తగా ఏమొస్తున్నాయి, వాటిని తయారుచేసే కంపెనీల ఇంజినీరింగ్ ముందుముందు ఎలా ఉండబోతోంది అని. ఇందాక బయట నిలబడి ఉంటే కొంతమంది రైతులు పట్టుకున్నారు, తిప్పి తిప్పి అడిగినవి రెండే. ఒకటి, ఈసారి మోడల్‌లో ఏం మార్చారు. రెండోది, ఈ కంపెనీ పదేళ్ళ తర్వాత కూడా ఈ మిషన్ చేస్తదా, లేకపోతే లైన్ ఆపేసి మనల్ని పార్టుల కోసం తిప్పుతదా. నన్నడిగితే ఈ రెండూ ఒకటే ప్రశ్న అండీ. కంపెనీ మిషన్‌లో ఎక్కడ చెయ్యి పెట్టి మారుస్తోందో చూస్తే, దానికి ఆ మిషన్ మీద ఇంకా ఆశ ఉందా లేదా అన్నది కూడా తెలిసిపోతది.

హార్వెస్టర్ లోపల జరిగేవి నాలుగు పనులే. కోయడం, నూర్చడం, నూర్చిన గడ్డిలోంచి గింజని విడదీయడం, ఆ గింజని పొట్టూ తాలూ లేకుండా తూర్పారబట్టడం. క్యాబ్, ఏసీ, స్క్రీన్, టైర్లు, ట్యాంకు ఇవన్నీ ఆ నాలుగు పనుల కోసం ఉన్నవే. కానీ బ్రోచర్ చూడండి, ఎప్పుడూ క్యాబ్‌తోనే మొదలవుతది. సీటు ఎలా తిరుగుతది, లైట్లెన్ని, ఫ్రిజ్ ఎక్కడుంది. (నవ్వులు) లైట్లు మంచివే, రాత్రిపూట కోసేవాడికి తెలుసు వాటి విలువ, కాదనను. కాకపోతే సీటు బాగుందని వెనకాల పడే గింజ తగ్గదు కదా.

ఈ నాలుగింటిలో అసలు చిక్కంతా మూడో పని దగ్గరుంది, గడ్డిలోంచి గింజని విడదీయడం దగ్గర. కాసేపు దీని మీదే ఉంటా ఎందుకంటే హార్వెస్టర్ చరిత్ర అంతా ఈ ఒక్క తలనొప్పి చుట్టూనే తిరిగింది. డ్రమ్ము ఉంటది, దాని కింద కాంకేవ్ జాలీ ఉంటది, రెండిటి మధ్యలో కంకి నలిగి గింజ రాలి చాలావరకు అక్కడే జాలీలోంచి కిందకి దిగిపోతది. మిగిలిన గింజ గడ్డిలో చిక్కుకుని వెనక్కెళ్తది. పాత పద్ధతి మిషన్లో అక్కడ స్ట్రా వాకర్లుంటాయి, అయిదో ఆరో పొడుగాటి పెట్టెలు, పైన రంపప్పళ్ళ లాంటి అంచులు, క్రాంక్ మీద ఊగుతూ గడ్డిని ఎగరేస్తుంటాయి. గడ్డి ఎగిరిన ప్రతిసారీ గింజ సందులోంచి సొంత బరువుతో కిందకి జారాలి. అంటే ఇక్కడ గింజని లాగేది భూమి ఒక్కటే, ఆ లాగుడు ఏ ఇంజినీరు వచ్చినా పెంచలేడు. పంట ఎక్కువ తినిపిస్తే గడ్డి పరుపు మందమైపోయి గింజ కిందకి దిగేలోపే వెనకనుంచి బయటికెళ్ళిపోతది. పోనీ వాకర్లు వెడల్పు చేద్దామా అంటే మిషన్ రోడ్డు మీద పట్టదు, పొడుగు చేద్దామా అంటే గట్టు దగ్గర తిరగదు. ఎంత ఇంజిన్ పెట్టినా ఆ విస్తీర్ణం దగ్గర ఆగిపోవాల్సిందే.

దీనికి విరుగుడుగా వచ్చిందే రోటర్. గడ్డిని ఎగరేయడం మానేసి గిర్రున తిప్పితే గింజ బయటికి విసిరేసినట్టు పోతది. చిన్న లెక్క చెప్తా. 24 అంగుళాల రోటర్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే దాని అంచు దగ్గర బలం భూమి లాగే దానికి 300 రెట్ల పైన ఉంటది. పంట అంత స్పీడుగా తిరగదు, జారుతుంటది, సరే మూడో వంతు స్పీడే అనుకుందాం, అయినా 35 రెట్లు దాటుతది. వాకర్ మీద ఒక్క రెట్టు, ఇక్కడ 35 రెట్లు. అదే వెడల్పు బాడీలో ఎక్కువ పంట తినగలిగేది అందుకే.

ఇప్పుడు సంవత్సరాలు చూడండి, దీన్లోనే నా పాయింటుంది. న్యూ హాలండ్ వాళ్ళు టీఆర్70 అని రెండు రోటర్ల మిషన్ 1975లో తెచ్చారు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1977లో ఒకే పెద్ద రోటర్‌తో యాక్సియల్ ఫ్లో తెచ్చారు. గ్లీనర్ వాళ్ళు 1979లో ఎన్6 అని రోటర్‌ని నిలువునా కాకుండా అడ్డంగా పెట్టారు, పంట ఫీడర్‌లోంచి వచ్చిన దిక్కులోనే నేరుగా రోటర్ మీదకి పడిపోతది, మలుపు తిరగక్కర్లేదు, ఆ డిజైన్‌కి ఇవాళ్టికీ ప్రాణం పెట్టే రైతులున్నారు. క్లాస్ కంపెనీ వేరే దారి పట్టింది, 1995లో లెక్సియన్ 480లో ముందు డ్రమ్ము అలాగే ఉంచి వాకర్ల స్థానంలో రెండు రోటర్లు పెట్టింది, హైబ్రిడ్ అంటారు. మరి ఈ రంగంలో అందరికన్నా పెద్ద కంపెనీ జాన్ డీర్? వాళ్ళు తమ సింగిల్ రోటర్ ఎస్‌టీఎస్ మిషన్ తెచ్చింది 1999లో. అంటే ఇంటర్నేషనల్ వాళ్ళు సింగిల్ రోటర్ తెచ్చాక 22 ఏళ్ళకి! అన్నేళ్ళూ వాళ్ళు కూడా ఏటా కొత్త మోడల్ అంటూనే ఉన్నారు, కొత్త నంబరు, కొత్త క్యాబ్, కొత్త ఇంజిన్, లోపల మూలం మాత్రం చాలావరకు పాతదే. అలాగని ఆ మిషన్లు చెడ్డవని కాదు, బాగా అమ్ముడయ్యాయి కూడా. మూలంలో మార్పు అనేది తరానికోసారి జరిగే పని, మధ్యలో వచ్చే అప్‌డేట్లన్నీ సర్దుబాట్లు అని చెప్తున్నా అంతే.

రోటర్ వచ్చిందని వాకర్లు చచ్చిపోలేదండోయ్. రోటర్ గడ్డిని ముక్కలు చేసేస్తది, పశువులకి పొడుగు గడ్డి కావాలనుకునే చోట అది నష్టం. తడి గడ్డి, పచ్చిగా ఉన్న కాడ పడితే రోటర్ ఇంజిన్ పవరంతా గుటుక్కున మింగేస్తది, ఒక్కోసారి చుట్టుకుని బిగుసుకుపోతది, అప్పుడు దాన్ని లాగిన చేతులకే తెలుస్తది ఆ బాధ. అందుకే యూరప్‌లో తడి పంటలు కోసే చోట్ల వాకర్లూ హైబ్రిడ్లూ ఇంకా నిలబడ్డాయి, మొక్కజొన్న సోయా ఎక్కువున్న అమెరికాలో రోటర్ రాజ్యం. మీ పంటకి ఏది నప్పుతదో చూసుకోకుండా పక్కవాడు కొన్నాడని కొంటే ఎవరూ ఏం చేయలేరు.

సరే, మూలం మారిందో సర్దుబాటే జరిగిందో ఎలా తెలుస్తది? డీలర్‌ని ఒకటే అడగండి. పాత మోడల్ కాంకేవ్ తీసుకొచ్చి దీన్లో బిగించొచ్చా అని. పడతది అన్నాడంటే మూలం అదే. జల్లెడ కొలత, రోటర్ వ్యాసం పొడవు, గింజని ట్యాంకులోకి ఎత్తే ఎలివేటర్ చైను నంబరు, ఇవి మారలేదంటే లోపల పాత మిషనే. అది మంచిదే కావచ్చు, పాత మిషన్ మీద జనం పదేళ్ళు కోసి దాని లోపాలన్నీ బయటపెట్టి సరిచేయించి ఉంటారు, పార్టులు దొరుకుతాయి. కాకపోతే కొత్త టెక్నాలజీ పేరు చెప్పి అమ్మితే మాత్రం నవ్వి ఊరుకోండి.

డెమోలో ఎంత స్పీడుగా పోయిందన్నది అసలు చూడొద్దు. స్పీడుగా ఏ మిషనైనా పోతది, గింజని వెనకాల పారబోసుకుంటూ. చూడాల్సింది నష్టం. దానికి ఖరీదైన సామానేమీ అక్కర్లేదు, అర మీటరు పొడవు అర మీటరు వెడల్పు ఉన్న పళ్ళెం ఒకటి చాలు. గడ్డిని నరికే చాపర్, చిమ్మే స్ప్రెడర్ రెండూ ఆపించండి, గడ్డీ పొట్టూ ఒకే వరసలో పడనివ్వండి. మిషన్ కదులుతుండగా వెనక పడే వరస కిందకి వచ్చేలా పళ్ళెం వేయండి, మనుషులు దూరంగా ఉండి, చెయ్యి పెట్టి కాదు. తర్వాత గడ్డి దులిపి పళ్ళెంలో గింజలు లెక్కపెట్టండి. 100 వచ్చాయనుకుందాం. పళ్ళెం పావు చదరపు మీటరు కాబట్టి చదరపు మీటరుకి 400. కానీ మిషన్ 6 మీటర్ల వెడల్పు కోసి ఆ చెత్తంతా మీటరున్నర వరసలో పోస్తోంది, అంటే నాలుగింతలు చిక్కగా పడింది, కాబట్టి పొలం మొత్తం మీద చూస్తే చదరపు మీటరుకి 100 గింజలు. వరి గింజలు వెయ్యి 20 గ్రాములు తూగితే 100 గింజలు 2 గ్రాములు. హెక్టారుకి 20 కిలోలు, ఎకరానికి 8 కిలోలు. అదే 1,000 గింజలు 40 గ్రాములు తూగే గోధుమ అయితే సరిగ్గా రెట్టింపు. పళ్ళెం పడని చోట నేల మీద కూడా లెక్కపెట్టాలి, ఎందుకంటే మిషన్ రాకముందే రాలిన గింజ, ముందు కోసే భాగం, హెడర్ అంటారు, అక్కడ పంటని లోపలికి తోసే రీల్ కొట్టి రాల్చిన గింజ వేరు, వాటికి రోటర్‌ని తిడితే లాభం లేదు. చాలామంది జల్లెడ మారుస్తూ కూర్చుంటారు, నష్టం చూస్తే రీల్ స్పీడు వల్ల జరుగుతుంటది.

క్యాబ్‌లో లాస్ మానిటర్ ఉంది కదా అంటారు. అది జల్లెడ చివర, రోటర్ చివర పెట్టిన చిన్న పలక, గింజ తగిలిన టకటక చప్పుడుని సిగ్నల్‌గా మార్చి చూపిస్తది. పెరిగిందా తగ్గిందా అని చెప్తది గానీ ఎన్ని కిలోలు పోతోందో దానికి తెలియదు. పళ్ళెంతో ఒకసారి కొలిచి, ఆ సమయంలో మానిటర్ ఏ గీత దగ్గరుందో చూసుకుంటేనే ఆ గీతకి అర్థం.

ఇక సైజు. 1977లో వచ్చిన యాక్సియల్ ఫ్లో 1460 మోడల్ ఇంజిన్ 170 హార్స్ పవర్. 2023లో న్యూ హాలండ్ చూపించిన సీఆర్11 ఇంజిన్ 775 హార్స్ పవర్. నాలుగున్నర రెట్లు! ట్యాంకు 20,000 లీటర్లు, గింజని బయటికి పోసే వేగం సెకనుకి 210 లీటర్లు, అంటే ట్యాంకు నిండుగా ఉన్నా నిమిషంన్నరలో ఖాళీ. వినడానికి బ్రహ్మాండంగా ఉంది, రోడ్డు మాత్రం నాలుగున్నర రెట్లు వెడల్పవ్వలేదు కదా. పైగా బరువు. లీటరు గోధుమ ముప్పావు కిలో వేసుకున్నా ట్యాంకులో ఉన్నదే 15 టన్నులు. ఇంత పెద్ద మిషన్ ఖాళీగానే 20 టన్నుల పైన ఉంటది, ముందు హెడర్ బరువు వేరే. అదంతా తడి నేల మీద తిరిగితే పైన గాడి పడటం కనపడే నష్టం, లోపల అడుగున్నర లోతులో మట్టి గట్టిపడటం కనపడని నష్టం. టైర్ల బదులు ట్రాకులు, అంటే బుల్డోజర్‌కి ఉండే లాంటి పట్టీలు వేస్తే పైపొర మీద ఒత్తిడి తగ్గుతది నిజమే, కానీ లోతుకి దిగే ఒత్తిడి ఇరుసు మీద మొత్తం ఎంత బరువుందన్న దాన్ని బట్టి ఉంటది, అది ట్రాకు వేసినంత మాత్రాన మాయమైపోదు. ట్రాకులేస్తే ఇబ్బంది లేదండీ అని డీలర్ చెప్తే సగమే నమ్మండి.

కాబట్టి పెద్దది చేసుకుంటూ పోవడం అనే దారి దాదాపు చివరికొచ్చింది. ఇది ఇంజినీర్లకి మనకన్నా ముందే తెలుసు. మధ్యలో ఇంకో దెబ్బ కూడా తగిలింది వాళ్ళకి, పొగ రూల్స్. అమెరికాలో 2011 నుంచి 2014 దాకా దశలవారీగా వచ్చిన టియర్ 4 రూల్స్, యూరప్‌లో 2019 నుంచి స్టేజ్ 5 రూల్స్, వీటి కోసం పొగ శుద్ధి చేసే డబ్బాలు, యూరియా ద్రావణం ట్యాంకు, పెద్ద రేడియేటర్లు ఇవన్నీ ఇంజిన్ పక్కన ఇరికించాల్సొచ్చింది. గాలి శుభ్రపడింది, మంచిదే. కానీ ఇంజినీర్లు ఆ ఏళ్ళలో పెట్టిన శ్రమ రైతుకి అదనంగా ఒక్క గింజ కూడా మిగల్చలేదు, అదీ నిజమే.

మరి ఇంజినీరింగ్ ఎటు పోతోంది? కంపెనీ వాళ్ళ మాటలు వినొద్దు, వాళ్ళు ఏం కొన్నారో చూడండి. జాన్ డీర్ 2017లో బ్లూ రివర్ టెక్నాలజీ అనే కంపెనీని కొన్నది, 30 కోట్ల డాలర్ల పైన పెట్టి. ఆ కంపెనీ పని కెమెరాతో మొక్కని గుర్తుపట్టడం. న్యూ హాలండ్, కేస్ ఐహెచ్ (ఇందాక చెప్పిన ఇంటర్నేషనల్ యాక్సియల్ ఫ్లో ఇప్పుడు వీళ్ళదే) రెండిటికీ యజమాని అయిన సీఎన్‌హెచ్ 2021లో రేవెన్‌ని కొన్నది, 210 కోట్ల డాలర్లు, వాళ్ళ పని ఆటో స్టీరింగ్, డ్రైవర్ లేని బండ్లు. గ్లీనర్ యజమాని ఆగ్కో 2024లో జీపీఎస్ సామాను చేసే ట్రింబుల్ వాళ్ళ వ్యవసాయ వ్యాపారంలో 85 శాతం తీసుకుంది, 200 కోట్ల డాలర్లకి. ఇన్ని డబ్బులు పెట్టి ఒక్కడైనా కాంకేవ్ కంపెనీని కొన్నాడా? డబ్బు ఇనుములోంచి సాఫ్ట్‌వేర్‌లోకి పోతోంది.

దాన్లో మంచి ఉంది, ముందు అది చెప్తా. హార్వెస్టర్‌లో డ్రైవర్ సరిచూసుకోవాల్సినవి డ్రమ్ము స్పీడు, కాంకేవ్ సందు, ఫ్యాన్ స్పీడు, పై జల్లెడ, కింద జల్లెడ, బండి స్పీడు. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పొద్దున మంచు తడి, మధ్యాహ్నం ఎండకి పెళుసు, సాయంత్రం మళ్ళీ మెత్తన, మూడు పూటలా మూడు సెట్టింగులు కావాలి, కానీ పొద్దున పెట్టిందే రాత్రిదాకా ఉంచేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తొద్దు, నాకు తెలుసు. (నవ్వులు) ఇక్కడ మిషన్ తనంతట తానే చూసుకుంటే నిజంగా గింజ మిగులుతది. క్లాస్ వాళ్ళ సీమాస్ ఆటోమేటిక్ ఈ పని చేస్తది, ఎలివేటర్ దగ్గర కెమెరా నూక ఎంతొస్తోంది, చెత్త ఎంతొస్తోంది చూసి సరిచేసే పద్ధతులు ఇప్పుడు పెద్ద కంపెనీలన్నిటి దగ్గరా ఉన్నాయి. జాన్ డీర్ 2024లో ప్రకటించిన ఎస్7 మిషన్లలో ఇంకో అడుగు ముందుకేశారు, కోతకి ముందు తీసిన శాటిలైట్ ఫొటోలు, క్యాబ్ మీద పెట్టిన కెమెరాలు రెండూ కలిపి ముందున్న పంట ఎంత ఒత్తుగా ఉందో, ఎక్కడ పడిపోయి ఉందో చూసి, అక్కడికి చేరకముందే బండి స్పీడు తగ్గిస్తది. మంచి డ్రైవర్ కళ్ళతో చేసే పనే ఇది, కాకపోతే మంచి డ్రైవర్ దొరకట్లేదు కదా అందరికీ.

చెడు ఎక్కడంటే, బేరింగ్ పోతే 6205 అని నంబరు చెప్తే ఏ ఊళ్ళో ఏ షాపులో అయినా ఇస్తారు, లోపల 25 మిల్లీమీటర్లు, బయట 52, మందం 15, ఎవడు చేసినా అదే కొలత. బెల్టుకీ అంతే. ముప్పై ఏళ్ళ కింద తయారీ ఆపేసిన మిషన్ ఇవాళ్టికీ నడుస్తోందంటే కారణం అదే. కానీ కంట్రోల్ బోర్డుకి అలాంటి నంబరు లేదు. ఆ కంపెనీ ఆ బోర్డు చేయడం ఆపేసిన రోజు, లేదా అందులో ప్రోగ్రాం ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఇవ్వనన్న రోజు, రోటర్ బాగున్నా ఇంజిన్ బాగున్నా మిషన్ షెడ్డులోనే. అందుకే కంపెనీ భవిష్యత్తు గురించి రైతు భయం ముప్పై ఏళ్ళ కిందటి కన్నా ఇప్పుడు ఎక్కువ న్యాయమైనది అంటాను నేను. అమెరికాలో దీని మీదే గొడవ. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, వ్యవసాయ యంత్రాల రిపేరుకి కావాల్సిన టూల్సు, మాన్యువల్సు, సాఫ్ట్‌వేర్ రైతుకీ బయటి మెకానిక్‌కీ ఇవ్వాల్సిందేనని, 2024 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. 2025 జనవరిలో కంపెనీల వ్యాపార పద్ధతుల మీద నిఘా ఉంచే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రిపేర్ల విషయంలోనే జాన్ డీర్ మీద కేసు వేసింది. ఏ దేశంలో కొన్నా సరే, మిషన్ కొనే ముందు ఏం పాడైందో చెప్పే ఫాల్ట్ కోడ్ నేను చదవగలనా, సెన్సర్ మార్చాక దాని కొలత సరిచేసే కాలిబ్రేషన్ నేను చేసుకోగలనా అని రాతపూర్వకంగా అడగండి. ఏసీ గురించి తర్వాత.

ఇప్పుడు రెండో ప్రశ్నకొస్తా, కంపెనీ ఉంటదా పోతదా. దీనికి గ్లీనర్ కథ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1923లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో బాల్డ్విన్ అన్నదమ్ములు మొదలెట్టారు, ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ మీద కూర్చోబెట్టిన మిషన్. 1955లో అల్లిస్ చామర్స్ కొన్నది. 1985లో అల్లిస్ చామర్స్ వ్యవసాయ వ్యాపారం జర్మనీ వాళ్ళ డ్యూట్జ్ చేతికెళ్ళింది. 1990లో అక్కడి మేనేజర్లే కొనుక్కుని ఆగ్కో అని పెట్టారు. యజమానులు అన్నిసార్లు మారినా 1979 నాటి ఆ అడ్డ రోటర్ డిజైన్ మాత్రం చేతులు మారుతూ బతికింది. ఆ తర్వాత ఆగ్కో మాసీ ఫెర్గూసన్‌ని 1994లో, ఫెంట్‌ని 1997లో కొన్నది, 2017లో ఐడియల్ అని పూర్తి కొత్త మిషన్ తెచ్చింది, నిలువు రోటర్లు, 4.84 మీటర్ల పొడవు, పెద్ద మోడళ్ళలో రెండేసి. ఇక ఆ రోజు నుంచి గ్లీనర్ రైతులకి నిద్రలేదు. ఒకే ఇంట్లో రెండు వంటిళ్ళు ఎన్నాళ్ళు నడుస్తాయి అని. వాళ్ళ భయం అర్థంలేనిది కాదు, రెండు వేరే రోటర్లు, రెండు వేరే జల్లెడలు, రెండు టెస్టింగ్ టీములు, అమ్మే దుకాణం ఒకటే.

సీఎన్‌హెచ్ ఇదే సమస్యని ఇంకోలా పరిష్కరించింది. న్యూ హాలండ్ రైతులకి రెండు రోటర్లు అంటే ప్రాణం, కేస్ రైతులకి ఒక్క రోటర్ అంటే ప్రాణం, ఏది ఆపినా సగం మంది పోతారు. అందుకని సీఆర్11కి రెండు రోటర్లు, దాని తర్వాతొచ్చిన కేస్ ఏఎఫ్11కి ఒకటే రోటర్, ఇంజిన్ పవర్ మాత్రం రెండిటికీ అదే 775. రైతు ప్రేమించేది వేరుగా ఉంచి, రైతు పట్టించుకోనిది కలిపేయడం. నాకైతే ఇది తెలివైన పద్ధతి అనిపిస్తది.

మీరు వాడే మిషన్ లైన్ ఉంటదా పోతదా అని అంచనా వేయాలంటే ఇలాంటివే చూడాలి. కంపెనీ కొత్త ఆటోమేషన్ తెచ్చినప్పుడు మీ మోడల్‌కి కూడా ఇచ్చిందా, లేక వేరే లైన్‌కే ఇచ్చిందా, ఇది అన్నిటికన్నా ముఖ్యం, మీ లైన్‌ని వదిలేసి పక్క లైన్‌కి ఇచ్చారంటే ఇంజినీర్లని అటు మార్చేసినట్టే. కొత్త హెడర్లు మీ మిషన్‌కి తగిలేలా వస్తున్నాయా. మీ ఇంజిన్, ఇరుసు, క్యాబ్ ఇదే కంపెనీ వేరే బండ్లలో కూడా ఉన్నాయా, ఉంటే మీ లైన్ ఆగినా పార్టులు ఆగవు. కోత సీజన్‌లో కంపెనీ టెస్టింగ్ వాళ్ళు పొలాల్లో కనపడుతున్నారా. పెయింట్ మారి, స్టిక్కర్ మారి, పార్టు నంబర్లన్నీ అవే ఉండి మూడు నాలుగు మోడళ్ళు గడిచాయంటే మాత్రం ఆ లైన్ మీద వాళ్ళకి ఆశ తగ్గిందనే అర్థం.

ఇంకోటి, కొత్త ఆలోచనలన్నీ కంపెనీ ఆఫీసుల్లోంచే వస్తాయని అనుకోకండి. ఆస్ట్రేలియాలో రే హారింగ్టన్ అని ఒక రైతు, కలుపుమందులకి లొంగని కలుపు పెరిగిపోయి విసిగిపోయి, హార్వెస్టర్ వెనకాల పొట్టుతో పాటు పడే కలుపు విత్తనాల్ని మిల్లులో వేసి పొడిచేసే యంత్రం తయారుచేశాడు. మొదట వెనకాల లాక్కెళ్ళేది, తర్వాత హార్వెస్టర్ లోపలే అమర్చే రకం వచ్చింది. ఎన్నేళ్ళ నుంచో హార్వెస్టర్ చేస్తున్న పనేంటంటే కలుపు విత్తనాన్ని కోసి, శుభ్రం చేసి, పొలమంతా సమానంగా చల్లడం, ఎంత దారుణమో చూడండి. అది ఆలోచించింది రైతు. ఇంగ్లండ్‌లో 1980ల్లో పుట్టిన స్ట్రిప్పర్ హెడర్ కూడా గమనించదగ్గది, కాడని కోయకుండా కంకిలోంచి గింజని దువ్వి తీస్తది, గడ్డి చాలావరకు మిషన్ లోపలికి రాదు. ఇందాక గడ్డి పరుపు గురించి అంత చెప్పానే, ఆ గడ్డే రాకపోతే సగం సమస్య గేటు దగ్గరే ఆగిపోయినట్టు.

ఇక మీ ప్రశ్నలు. ఆ, చెప్పండి.

(సభలోంచి: కొత్త డిజైన్ వచ్చిన మొదటి ఏడాదే కొనొచ్చా?)

దగ్గర్లో డీలర్ వర్క్‌షాప్, స్టాకులో పార్టులు, మీ దగ్గర ఇంకో పాత మిషన్ ఉంటే కొనండి. ఆ ఒక్క మిషన్ మీదే మీ కోతంతా ఆధారపడి ఉంటే వద్దు, రెండు సీజన్లు ఆగండి. కంపెనీ ఎంత టెస్ట్ చేసినా కొంతమంది టెస్టు డ్రైవర్లు, కొన్ని పొలాలు. ఎన్నో రకాల నేలల్లో, ఎన్నో రకాల డ్రైవర్ల చేతుల్లో పడితేనే అసలు లోపాలు బయటపడేది.

(సభలోంచి: ట్రాక్టర్లకి బ్యాటరీ వస్తోంది, హార్వెస్టర్‌కి ఎప్పుడొస్తది?)

పెద్ద మిషన్‌కి ఇప్పట్లో కష్టం. లెక్క చూద్దాం. పెద్ద హార్వెస్టర్ ఒక రోజు కోతకి సుమారు 1,000 లీటర్ల డీజిల్ తాగుతది అనుకోండి. లీటరులో 10 యూనిట్ల శక్తి, ఇంజిన్ అందులో నలభై శాతం వాడుకుంటే 4,000 యూనిట్లు. బ్యాటరీ కిలోకి 160 వాట్ అవర్లు నిలువ ఉంచుతదనుకుంటే 25 టన్నుల బ్యాటరీ కావాలి. మిషన్ బరువంత బ్యాటరీ! పైగా కోత సీజన్‌లో రోజంతా ఆపకుండా నడవాలి, పొలంలో అంత చార్జింగ్ ఎక్కడ. చిన్న మిషన్లకి, కొద్ది గంటల పనికి వేరే లెక్క. పెద్దవాటిలో ముందు వచ్చేది బ్యాటరీ కాదు, డీజిల్ ఇంజిన్ అలాగే ఉంచి బెల్టులు చైన్ల బదులు కొన్ని భాగాల్ని కరెంటు మోటార్లతో తిప్పడం. అలా చేస్తే హెడర్ స్పీడు వేరుగా, ఫ్యాన్ స్పీడు వేరుగా మార్చుకోవచ్చు.

(సభలోంచి: మాది పన్నెండేళ్ళ పాత మిషన్. దానికి బయటి కెమెరాలు, సెన్సర్లు పెట్టించొచ్చా?)

పెట్టించొచ్చు, ఆటో స్టీరింగ్, దిగుబడి మానిటర్ లాంటివి పాత బండ్లకి బాగానే తగులుతాయి, వేర్వేరు కంపెనీల మిషన్లకి బిగించే సామాను అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ ముందు కాంకేవ్ తీసి చూడండి, ముందంచు అరిగి గుండ్రంగా అయిపోయిందేమో. డ్రమ్ము చుట్టూ కంకిని నలిపే గీతల బద్దీలుంటాయి, రాస్ప్ బార్లంటారు, వాటి మీద గీతలు చేత్తో తడిమితే తగలాలి, నున్నగా ఉన్నాయంటే అవి నూర్చట్లేదు, రుద్దుతున్నాయి, నూక వచ్చేదీ అందుకే, కంకిలో గింజ మిగిలిపోయేదీ అందుకే. బార్లు మార్చేటప్పుడు అరిగిన ఒక్కటే మార్చొద్దు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది కూడా కలిపి మార్చండి, లేకపోతే డ్రమ్ము బ్యాలెన్స్ తప్పి బేరింగుల్ని తినేస్తది. ఆ పని అయ్యాక పళ్ళెం వేసి గింజలు లెక్కపెట్టండి. అప్పటికీ నష్టం తగ్గకపోతే అప్పుడు కెమెరా సంగతి మాట్లాడుకుందాం.